విశ్రాంతి భారం

మా ఇంటి హాల్లో ఒక క్యాలెండర్ ఉంది, డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయిపోయాక మా చర్చి సంఘం వాళ్లు అందరికీ పంచుతారే, అదే. పైన పెద్దక్షరాలతో బైబిల్ వచనం, మత్తయి 11:28. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును." దాని కిందే వారం మొత్తం కూడికల పట్టిక. ఆ పట్టిక ఒక్కసారి చదివితే చాలు, ఆ ప్రయాసపడే సమస్త జనులు ఎవరో ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆదివారం రెండు ఆరాధనలు, మధ్యలో సండే స్కూలు, సాయంత్రం యూత్ మీటింగ్, మంగళవారం గృహ కూడిక, బుధవారం స్త్రీల కూడిక (దానికి కుర్చీలు వేసేది మాత్రం మగాళ్లే, తీసేది ఎవరో ఇప్పటికీ తేలలేదు), గురువారం క్వయిర్ ప్రాక్టీస్, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలలో రెండో శనివారం ఆల్ నైట్ ప్రార్థన, ఇవి కాక రోజూ తెల్లారుజామున ఐదింటికి జూమ్‌లో ప్రార్థన, అందులో ఎవరో ఒకరు మ్యూట్ చేసుకోకుండా గురక పెడతారు. ఆ ఒక్కడికే కదా వాక్యం నెరవేరింది అనుకుంటా నేను రోజూ.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా టైమింగ్స్. పోయినేడాది ఒకరోజు లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ గుర్తురాక నలభై నిమిషాలు అలా కూర్చుండిపోయా. డాక్టర్ గారు బర్నవుట్ అన్నారు. మనం ఊరుకుంటామా, నెట్‌లో చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన వర్గీకరణలో చేర్చిందంట, కానీ రోగంగా కాదు, పనిచేసే చోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితిగా. ఉద్యోగానికి మాత్రమే వాడాలి ఈ మాట అని కూడా చెప్పారు. అంటే జీతం లేని చోట అలిసిపోతే అది బర్నవుట్ కిందకి రాదు, పరిచర్య (సంఘంలో చేసే సేవ) కిందకి వస్తది.

ఆ ముక్కే మా పాస్టరు అయ్యగారికి చెప్పుకున్నా, బాగా అలిసిపోయానండీ అని. ఆయన కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థించి, "బ్రదర్, నీకు పరిచర్య లేక ఈ నీరసం" అని సౌండ్ మిక్సర్ తాళాలు చేతిలో పెట్టారు.

తెలుగు క్రైస్తవానికి దొరికిన అదృష్టం ఏంటంటే ఈ "భారం" అనే మాట. మా దగ్గర దేని గురించైనా మనసులో గట్టిగా పట్టించుకుంటే దాని గురించి భారం ఉందంటారు. భారం దించుకోడానికి వెళ్తాం. అక్కడ ఒకాయనకి అనాథల గురించి భారం, ఒకావిడకి పక్క ఊరి సువార్త గురించి భారం, కోశాధికారికి స్లాబు గురించి భారం. అందరూ తలా కాస్త మనకి పంచి "భారం కలిగి ప్రార్థించండి బ్రదర్" అంటారు. మనం తెచ్చుకున్న చిన్న మూట ఎక్కడ పెట్టామో కూడా మర్చిపోతాం, ఒకరకంగా అది కూడా విశ్రాంతే.

లేఖనాధారం లేదనడానికి వీల్లేదు. నిర్గమకాండం 20లో ఏడో రోజు ఎవరెవరు పని చేయకూడదో వరసగా రాసుంది, నువ్వు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, చివరికి నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి. ఎన్నిసార్లు వెతికినా కీబోర్డు వాయించేవాడి పేరు లేదు. సౌండు చూసేవాడిదీ లేదు. ఎద్దుకి సెలవుంది.

ఇలా సంఘంలో సగం మంది వాడిపోయి ఉండడం చూసి కమిటీ వాళ్లు ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నారు, మే నెలలో మూడు రోజుల "సంపూర్ణ విశ్రాంతి మహాసభలు". పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు వరకూ. కన్వీనర్ నేనే. నెల రోజులు ఫ్లెక్సీలు, షామియానా, జనరేటరు, పోలీస్ పర్మిషన్, ఫ్లెక్సీ మీద ఫలానా పెద్దాయన ఫోటో చిన్నగా వచ్చిందని అలకలు. వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి కూడా మెసేజ్‌లు. యేసు ప్రభువు దోనెలో తలగడ వేసుకుని పడుకుంటే శిష్యులు లేపి "మేం నశించిపోతున్నాం, నీకు చింత లేదా" అన్నారు చూడండి, మా గ్రూపులో అచ్చం అదే మెసేజ్, జనరేటర్ డీజిల్ గురించి.

రెండో రాత్రి ప్రసంగీకులు, అలిసిపోయి చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్త గురించి ఎత్తుకున్నారు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. పౌలు అర్ధరాత్రి దాకా చెప్తుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో జోగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు కదా, పాపం పైకి లేపాక కూడా ఆయన తెల్లారేదాకా మాట్లాడాడు, మనవాళ్లు ఆ అధ్యాయంలోంచి నేర్చుకుంది ఆ చివరిదొక్కటే. నేను మిక్సర్ మీదకి వాలిపోయా, ఏ బటన్ నొక్కుకుందో స్పీకర్లు కీచుమన్నాయి. "సాతాను ఆటంకపరుస్తున్నాడు!" అన్నారు స్టేజి మీంచి, జనం హల్లెలూయా అన్నారు.

అదురుకుంటా వెనక వంటల దగ్గరికి పోయా. అక్కడ ఒక అక్క, మూడు రోజులకీ ఉల్లిపాయలు కోసింది ఆవిడే, విశ్రాంతి మీద ఒక్క ప్రసంగం కూడా ఆవిడ చెవిన పడలేదు. నా మొహం చూసి ఏమీ అడగలేదు. పళ్లెంలో పలావు పెట్టి చెంబుతో నీళ్లు పెట్టి "తిని ఆ బియ్యం బస్తాల పక్కన పడుకో తమ్ముడూ, ఎవరన్నా అడిగితే నేను చెప్తాలే" అంది. తిన్నా, పడుకున్నా. గంటకి లేపి టీ ఇచ్చి మళ్లీ పడుకోమంది. ముందు స్పీకర్లలో ఏలీయా ఇంకా బదరీ వృక్షం కిందే ఉన్నాడు, దూత రొట్టె, నీళ్లు పెట్టి రెండోసారి లేపుతున్నాడు. ఆ దూత లేచి తినమన్నాడే గానీ వాక్యోపదేశం ఏమీ చెయ్యలేదు, ఒక్క కూడికకీ పిలవలేదు, అది మాత్రం ప్రసంగంలో రాలేదు.

మూడో రోజు ముగింపులో "ఈ సభల్లో నిజమైన విశ్రాంతి పొందినవాళ్లు చేతులెత్తండి" అన్నారు. అబద్ధం ఎందుకు, ఎత్తా. వెంటనే చప్పట్లు, వచ్చే మంగళవారం నుంచి విశ్రాంతి పరిచర్యకి నేనే ఇన్‌ఛార్జ్ అని ప్రకటన, పొద్దున నాలుగున్నరకి మొదటి కూడిక. అక్క కూడా చెయ్యెత్తిందేమోనని వెనక్కి తిరిగి చూశా. ఆవిడ చేతులు రెండూ మోచేతుల దాకా పలావు గుండిగలో ఉన్నాయి, తోముతా ఉంది.