సిగ్నల్ లేని ఊళ్లో నొప్పులు రావు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో పత్రికల్లో పడిన ప్రతిసారీ ప్రభుత్వాన్ని నిందించేవారు, అంబులెన్సును ఎక్కడ నిలిపితే ఎక్కువమందికి అందుబాటులో ఉంటుందో తేల్చే గణిత సూత్రాన్ని చర్చ్, రెవెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లోనే రాసిపెట్టారన్న సంగతి గ్రహించాలి. తప్పు గణితానిది కాదు, కొండది.

ఆ సూత్రానికి కావలసినవి ప్రధానంగా రెండు: ఎక్కడ ఎంత అవసరం ఉంది, అక్కడికి ఎంత దూరం. అవసరాన్ని 108కు వచ్చిన ఫోన్లతో కొలిస్తే పని సులువవుతుంది. ఆ లెక్కన సెల్ సిగ్నల్ అందని ఊళ్లలో ఎవరికీ పురిటినొప్పులు రావు. ఫోను రాలేదు కనుక అవసరం లేదు. అవసరం లేదు కనుక బండిని సిగ్నలూ తారురోడ్డూ ఉన్న కూడలికి తరలించడమే శాస్త్రీయం. అలా తరలించగానే బండి చేరే సగటు సమయం తగ్గుతుంది. ఆలస్యమైనవారెవరూ లెక్కలోకి రారు మరి. ఇంత చవకగా ప్రజారోగ్యాన్ని మెరుగుపరచే మార్గం మరొకటి నాకు తోచడం లేదు.

ఇక దూరం. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత వాగును తడవకుండా దాటుతుంది, లోయ మీదుగా ఎగిరిపోతుంది. డోలీ మోసేవారికి ఆ విద్య అబ్బలేదు. వానాకాలంలో డోలీ వేగమెంత, భుజం మార్చుకోవడానికి ఎన్నిసార్లు దించుతారు అన్నవి వారిని అడిగితే చెబుతారు. కానీ వారి మాటను డేటా అనరు. 108కు ఫోను అందాకే గడియారం మొదలవుతుంది. ప్రసవానంతర రక్తస్రావం రెండు గంటల్లో ప్రాణం తీయగలదని వైద్యులు చెబుతారు, నిజమే, అయితే ఆ రెండు గంటలు కొండ మీద మొదలైతే సూత్రానికి ఏం సంబంధం?

పైగా మన సగటు చూడండి. 2018-20లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోగా ఆంధ్రప్రదేశ్‌లో 45 మందే. 2030 నాటికి 70 లోపు చాలన్న ప్రపంచ లక్ష్యాన్ని మనం ముందే దాటాం. ఇంత మంచి సగటు చేతిలో ఉండగా ఫలానా ఊరి పేరు ఎత్తడం మర్యాద కాదు.

బండిని కాదు, గర్భిణినే ముందు కదిలించాలన్న మొండివాళ్లు కొందరున్నారు. నెలలు నిండకముందే ఆమెను కొండ దించి ఆసుపత్రి దగ్గరి వసతి గృహంలో ఉంచుతారు. దూరం సున్నా అయ్యాక అంత గొప్ప సూత్రానికి పనేముంటుంది? అయినా ఆమె అన్నాళ్లు ఉంటుందా అంటే, ఇంటి దగ్గర పెద్దపిల్లకు గంజి ఎవరు కాస్తారో తేలాలి. అది ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమెను ఇంకా ఎవరూ అడగలేదు.