బండి చప్పుడు ఎవరూ చేయలేదు

నింటెండో 2023 మే 12న విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ గేమ్‌లో గుర్రం బండిని లాగుతుంటే చక్రాలు కిర్రుమంటాయి, గొలుసులు గలగలమంటాయి, గతుకు రాగానే బండి దడదడలాడుతుంది. చిత్రమేమిటంటే, ఆ బండి కోసం విడిగా ఏ చప్పుడూ తయారు చేయలేదు. సౌండ్ బృందాన్ని నడిపించిన జున్యా ఒసాడా 2024 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ సంగతి వివరించారు. విడి భాగాల చప్పుళ్లు కలిసి, బండి చప్పుడు దానంతటదే పుట్టింది.

ఆటగాడు తనకు నచ్చినట్టు ఎటైనా తిరగగల ‘ఓపెన్ వరల్డ్’ గేమ్‌లకు ఇదే సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను. ఒకే దారిలో సాగే గేమ్‌లో ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో డిజైనర్‌కు ముందే తెలుసు. దానికో రికార్డింగ్ పెడితే సరిపోతుంది. ఇక్కడ ఆ వీలు లేదు. వస్తువులను ఎత్తి ఒకదానికొకటి అతికించే ‘అల్ట్రాహ్యాండ్’ శక్తితో ఆటగాడు పలకకు చక్రాలు అతికిస్తాడు, వెనక ఫ్యాన్ పెడతాడు, ఇంకో గంటకు దానికే రాకెట్ తగిలిస్తాడు. అన్నింటికీ ముందుగా చప్పుళ్లు చేసిపెట్టడం ఎవరి తరం? అందుకే ఏ వస్తువు ఎలా కదిలి, దేనికి తగిలితే ఎలా మోగాలో నియమాలు రాసుకున్నారు. ప్రతిధ్వని కూడా అంతే. చుట్టూ ఎంత మూసుకుని ఉంది, ఎంత తెరిచి ఉంది అన్నది గేమే లెక్కగడుతుంది. గుహలోంచి బయటికి రాగానే చెవికి ఆ తేడా తెలిసిపోతుంది.

అలాగని అన్నీ నియమాలకే వదిలేస్తే కుదరదు. దీనికి ముందు, 2017లో వచ్చిన జెల్డా గేమ్ ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో ఉరుములు మొదలైతే, చేతిలోని లోహపు కత్తి చిటపటలాడుతుంది. పిడుగు పడేలోగా దాన్ని తీసేయాలి. ప్రాణం కాపాడే ఇలాంటి చప్పుడు వానలో, పోరాటం మధ్యలో కూడా విడిగా వినిపించాలి. దానికి మాత్రం మనిషి చెవి, మనిషి నిర్ణయం కావాల్సిందే.

ఇంత పని జరిగినా, 2023 గేమ్ అవార్డ్స్‌లో ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ సంగీతానికి నామినేషన్ వచ్చింది కానీ ఆడియో డిజైన్‌కు రాలేదు. ఆ అవార్డు గెలిచిన ‘హైఫై రష్’ దానికి అర్హమైనదే. కానీ పోటీలో ఉన్న ఐదింటిలో కూడా ఈ గేమ్‌కు చోటు దక్కకపోవడం అన్యాయం. బాణీని గుర్తుపట్టినంత సులువుగా, సహజంగా వినిపించే చప్పుడు వెనక పనిని మనం గుర్తించలేకపోతున్నాం.