గాలం దారం చేపకు కనబడుతుందా: ఒక వాదోపవాదం

స్థలం: సీతానగరం వైపు కృష్ణ గట్టు. అబ్బాయి విజయవాడలో ఫ్లోరోకార్బన్ దారం కొనుక్కొచ్చాడు. నీళ్ళలో వేస్తే చేపకు అసలు కనబడదని కొట్టువాడు చెప్పాడట. బాబాయ్‌కి చిన్నప్పటి నుంచీ నైలాన్ దారమే అలవాటు.

అబ్బాయి: ఇంక నీ నైలాన్ దాచుకో బాబాయ్. అది చూసే శీలావతి చేపలు మన ఎర దగ్గరికి రావట్లేదు.

బాబాయ్: ఎంత పెట్టావురా దీనికి?

అబ్బాయి: నైలాన్‌కి మూడింతలు. ఊరికే కాదులే, లెక్క ఉంది. వెలుగు ఒక వస్తువులోకి దిగేటప్పుడు వంగుతుంది కదా, ఆ వంపు నీళ్ళకి 1.33. ఫ్లోరోకార్బన్‌కి 1.42, నైలాన్‌కి 1.53 దాకా ఉంటుంది. నీళ్ళకి ఎంత దగ్గరైతే అంత తక్కువ మెరుస్తుంది.

బాబాయ్: దగ్గరంటున్నావు గానీ సమానం కాదుగా. తక్కువ కనబడుతుందంటే ఒప్పుకుంటా, అసలు కనబడదంటే ఒప్పుకోను. అయినా ఆగస్టులో వరద నీళ్ళు ఎర్రగా వచ్చినప్పుడు చెయ్యి ముంచితే మన వేళ్ళే మనకి కనబడవు. ఆ నీళ్ళలో నీ 1.42 ఎవడు చూస్తాడు?

అబ్బాయి: ఆగస్టు వదిలెయ్. సంక్రాంతి ముందు బ్యారేజీ ఎగువన నీళ్ళు నిలిచి తేటపడతాయి కదా, అప్పటి సంగతి చెప్పు. పైగా శీలావతి, బంగారుతీగ లాంటి కార్ప్ జాతి చేపలకి చూపు తక్కువనుకోకు. రంగులు పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలైతే వాటికి నాలుగు. మనకి కనబడని అతినీలలోహిత వెలుగు కూడా వాటికి ఆనుతుంది. అందుకే ఎర్ర దారం కూడా ఒకటి తెచ్చా. నీళ్ళలో ముందు మాయమయ్యేది ఎరుపేనట.

బాబాయ్: అది లోతైన తేట సముద్రంలో. మనం గాలం వేసేది ఆరడుగుల నీళ్ళలో, అదీ పచ్చగా పాచి పట్టినవి. ఇక్కడ ఎరుపు ఎక్కడికి పోతుంది? ఆ రెండోది మాత్రం దండగ.

(ఎర్ర దారం మీద అబ్బాయి మళ్ళీ నోరెత్తలేదు. ఎత్తడానికీ ఏమీ లేదు.)

బాబాయ్: అసలు చేప కంటితో తింటుందని ఎవరు చెప్పార్రా నీకు? బంగారుతీగ మూతి చూశావా, రెండు జతల మీసాలుంటాయి. రుచి వాటికే తెలుస్తుంది. బురదలో తవుడు ముద్దని మీసంతో తడిమి, లోపలికి పీల్చి, తేడాగా ఉంటే తుపుక్కున ఊసేస్తుంది. పీల్చినప్పుడు ముద్ద తేలిగ్గా కదలాలి. నీ దారం చూడు, చుట్ట విప్పి వదిలితే మళ్ళీ చుట్ట చుట్టుకుంటోంది. ఇంత బిరుసు దారానికి కట్టిన ముద్ద చేప పీల్చగానే నోట్లోకి పోతుందా?

అబ్బాయి: బిరుసే, కాదనను. దీని బరువు సంగతి కూడా చూడు మరి. ఇది నీళ్ళ కంటే 1.78 రెట్లు బరువు. నీ నైలాన్ 1.14, అంటే మునిగీ మునగనట్టు ఉంటుంది. అల్లిన దారం, అదే బ్రెయిడ్, 0.97 కాబట్టి తేలుతుంది. ఇదైతే నేలకి ఆనుకుని పడుకుంటుంది. ఎర దగ్గరికొచ్చే చేప రెక్కకి మధ్య నీళ్ళలో దారం తగిలితే ఏమవుతుంది?

బాబాయ్: ఒక్క ఉదుటున పారిపోతుంది. మిగతావి కూడా దానెంట పోతాయి. బెండు ఊగిందని మనం లాగితే ఖాళీ గాలం వస్తుంది.

అబ్బాయి: మరి?

బాబాయ్: మరి ఆ మాట ముందే చెప్పొద్దూ! మునుగుతుందని కొంటే తెలివైన పనే. కనబడదని కొన్నావు చూడు, అదీ నా గొడవ. అయినా గెడ ఎత్తిపెట్టి దారం బిర్రుగా లాగి కూర్చుంటే ఎంత బరువు దారమైనా నేలకి ఆనదు. కాస్త వదులు చేసి, వెనకాల చిన్న సీసం గుండు జారవిడిస్తే నా నైలాన్ కూడా అడుగునే పడుకుంటుంది.

అబ్బాయి: అయితే ఇదే ఎప్పుడూ వాడొచ్చుగా?

బాబాయ్: బొచ్చెకి ఎలా వాడతావు? దానికి మీసాలే లేవు, అడుక్కి దిగి మెయ్యదు, పైనీళ్ళలో తింటుంది. దానికి బెండు కట్టాలి. గెడకీ బెండుకీ మధ్య దారం మునిగిపోతే నువ్వు లాగింది చేపకి అందేలోపు అది ఊసేసి పోతుంది. అక్కడ నైలానే. అడుగున మేసే ఎర్రమోసుకి, బంగారుతీగకి గాలం దగ్గర రెండడుగులు నీది కట్టు, కాదన్నానా?

అబ్బాయి: ఆ రెండడుగులు 0.25 మిల్లీమీటర్లది కడతా. సన్నగా ఉంటే ఇంకా మంచిది.

బాబాయ్: సన్నం మంచిదే. కానీ నాలుగు కిలోల చేప గుర్రపుడెక్కలోకి దూరితే నీ 0.25 నిలబడదు. గాలంతో సహా తెంపుకుపోతుంది, ఆ ఇనుము దాని నోట్లోనే ఉండిపోతుంది. డెక్క ఉన్నచోట 0.35కి తగ్గకు. ఏదీ, ముడి చూపించు.

(అబ్బాయి పొడి దారానికే ముడి బిగించాడు. ముడి పక్కన గోరంత మేర దారం తెల్లబారి మెలికలు తిరిగింది. బాబాయ్ గాలాన్ని చెప్పు అంచుకి తగిలించి లాగాడు. సరిగ్గా ఆ తెల్లబారిన చోటే తెగింది.)

బాబాయ్: చూశావా? ఉమ్ముతో తడిపి మెల్లగా బిగించాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం చచ్చిపోతుంది.

అబ్బాయి: సరే, రెండడుగులే కడితే మిగతా వంద మీటర్ల చుట్ట ఏం చేసుకోను?

బాబాయ్: నూటయాభై ముక్కలకి పైనే వస్తాయి. సగం నాకిచ్చెయ్.

అబ్బాయి: కనబడుతుందన్నావుగా!

బాబాయ్: ఊరికే వస్తే కనబడినా పర్లేదు.