క్యూసెక్కులా, టీఎంసీలా: సెల్లు డేటా మీద నెల్లూరు నివేదిక

ఆంధ్రదేశంలో కమిటీ వేయని సమస్యంటూ దాదాపు లేదు. రాజధాని ఎక్కడుండాలో చెప్పడానికి కమిటీలు తిరిగాయి. జిల్లాలు ఎన్నుండాలో చెప్పడానికి కమిటీలు కూర్చున్నాయి. కృష్ణా నీళ్ళు ఎవరివో తేల్చడానికి ఏకంగా ట్రిబ్యునళ్ళే వచ్చాయి. కానీ సామాన్యుడు 28 రోజులకోసారి రీచార్జి కొట్టు ముందు నిలబడి, ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. స్పీడు కావాలా, జీబీలు కావాలా? దీనిమీద ఇంతవరకూ ఏకసభ్య కమిషనైనా లేదు. ఆ లోటు పూడ్చే భారం ఈ వ్యాసకర్త తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. టీఏ, డీఏ అడగడం లేదు. టీ ఇప్పిస్తే చాలు.

టీ తాగడానికి నెల్లూరు ట్రంకు రోడ్డు కన్నా మంచి విచారణ స్థలం లేదు గనక అక్కడే మొదలుపెట్టాం. ఏ సాయంత్రం ఏ బంకు దగ్గర నిలబడినా జనం రెండు పార్టీలుగా చీలిపోయినట్టు తెలిసిపోతుంది. మొదటిది స్పీడు పార్టీ. ఇందులో కుర్రాళ్ళెక్కువ. స్పీడు టెస్టు పెట్టి, ముల్లు పైకెళ్తుంటే పక్కవాడి ముఖం ముందు పెడతారు. ఆ స్పీడుతో ఏం చేస్తావురా అనడిగితే మళ్ళీ టెస్టు పెడతారు. రెండోది జీబీ పార్టీ. వీళ్ళు సంసారులు. నెలకొక జీబీ వేయించుకుని, అవసరం లేనప్పుడల్లా డేటా ఆపేసి, శుభోదయం ఫోటోలు వాటంతటవే దిగకుండా సెట్టింగులు బిగించి బతికిన తరం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి రోజుకి 4 జీబీ ఊరికే ఇస్తానంటే వీళ్ళు నమ్మలేదు. 2017 జనవరిలో అదే రోజుకి ఒక జీబీ అయినప్పుడు, ఊరికే వచ్చిందే అయినా సరే, "నేను ముందే చెప్పలా?" అని ఊరంతా తిరిగారు.

"స్పీడుండి ఏం లాభమబ్బా, పొద్దున పదికే అయిపోతుండాదే" అంటాడు జీబీ పార్టీ మనిషి.

"మిగిలితే మాత్రం మూటగట్టుకోని పోతావా నా?" అంటాడు స్పీడు పార్టీ కుర్రాడు.

రెండు వాదాలూ విన్నాం. రెండూ న్యాయంగానే ఉన్నాయి. ఇలాంటి చోటే కమిషన్లకి చేతినిండా పని దొరుకుతుంది.

నిజానికి ఈ తగవు తీర్చడానికి సింహపురి రైతుని మించిన నిపుణుడు దేశంలో లేడు. సోమశిల డ్యాములో 78 టీఎంసీలు పడతాయి. అది నిల్వ. కాలవకి వదిలేది క్యూసెక్కుల్లో. అది వేగం. రాత్రీ పగలూ కలిపి 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ ఖాళీ. కాలవలో నీళ్ళు జోరుగా వస్తున్నాయంటే రైతు ముందు సంతోషిస్తాడు, ఆ వెంటనే పైన డ్యాములో ఎంతుందని అడుగుతాడు. చివరి ఆయకట్టు వాడైతే ఆ సంతోషం కూడా పడకుండా నేరుగా రెండో ప్రశ్నకే వస్తాడు. అదే రైతు కొడుకు ఫోను మీద 5జీ గుర్తు చూసి రెండో ప్రశ్న అడగడు. పైగా ఇంజనీరింగు చదివాడు.

కనుక ఆ రెండో ప్రశ్న కమిషనే అడిగింది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 మెగాబైట్లు కాదు, 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. మనకిచ్చే కోటా బైట్లలో, చెప్పే స్పీడు బిట్లలో. ఇందులో కుట్రేమీ లేదు, ప్రపంచమంతా ఇదే పద్ధతి. కాకపోతే కుట్ర చేయాలనుకున్నా ఇంతకంటే బాగా కుదరదు. సరే, ఆ 100ని ఎనిమిదితో భాగిస్తే సెకనుకి పన్నెండున్నర ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు ఆ స్పీడులో ఎంతసేపు వస్తుంది? రెండు నిమిషాలు. 28 రోజుల కోటా మొత్తం పోగేసినా 56 నిమిషాలు. నెల్లూరులో బస్సెక్కినవాడు ఆ స్పీడుని పూర్తిగా వాడుకుంటూ కూర్చుంటే కావలి రాకముందే వాడి నెల అయిపోతుంది.

ఇక రెండో వైపు. రోజు కోటా అయిపోయాక చాలా ప్యాకుల్లో వచ్చేది 64 కేబీపీఎస్. దాన్ని అన్‌లిమిటెడ్ అనే అంటారు. ఆ స్పీడులో ఒకటిన్నర జీబీ దించుకోవాలంటే 52 గంటలు కావాలి. దేవుడు రోజుకిచ్చింది 24. అన్‌లిమిటెడ్ ఇచ్చినవాడికి భయమెందుకు లేదో ఇప్పుడర్థమైంది. హద్దు వాడు పెట్టక్కర్లేదు, సూర్యుడే పెడతాడు.

స్పీడు పార్టీకి తెలియని రహస్యం ఇంకొకటుంది. నెట్టు బాగుందని పసిగట్టగానే వీడియో తనంతట తానే నాణ్యత పెంచుకుంటుంది. ఒకటి చూస్తుంటే తర్వాత రావాల్సిన రీల్స్ వెనకాలే దిగిపోతుంటాయి, మనం చూసినా చూడకపోయినా. నిన్న మసగ్గా చూసిన అదే వంట వీడియో ఇవాళ తాలింపులో ఆవాలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వస్తుంది. చేపల పులుసు రుచి మాత్రం మారదు. మారేది మధ్యాహ్నానికి వచ్చే మెసేజీ: మీ డేటాలో 90 శాతం వాడేశారు.

క్షేత్ర పర్యటన లేని కమిషన్‌కి విలువ ఉండదు కాబట్టి విడవలూరు వైపు రొయ్యల గుంటల దాకా వెళ్ళాం. రాత్రి పదకొండు దాటింది. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నులక మంచం, మంచం మీద కాపలా అతను. ఫోనుకి తడి తగలకుండా పాలిథిన్ కవరు తొడిగి, పైన రబ్బరు బ్యాండు వేశాడు. గుంటలో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోతలో మాటే వినపడదు, వీడియో ఏం వినపడుతుంది? అయినా ఫోను ఆడుతూనే ఉంది. అతను చూడటం కూడా లేదు, టార్చిలైటు వేసుకుని గుంట చుట్టూ తిరిగొస్తున్నాడు.

"చూడందానికి పెట్టడం ఎందుకబ్బయ్యా?"

"ఇంకా ఏడొందల ఎంబీ ఉండాది సార్. పన్నెండు కొడితే పాయె. డబ్బులు పెట్టి వేయించిందాన్ని వాళ్ళకెందుకు ఇడిసిపెట్టాల?"

దేశంలో ఇంత నిజాయితీగా కోటా వాడే పౌరుడు మరొకడు ఉండడు. మిగిలింది రేపటి ఖాతాలో కలపడమనేది పోస్టుపెయిడ్ వాళ్ళకి ఉంది, ప్రీపెయిడ్‌లోనూ ఒకటీ అరా ప్యాకుల్లో ఉంది. అతని ప్యాకులో లేదు. ఇంతకీ ఆ ఫోనుతో అతనికి రోజూ పడే అసలు అవసరమేంటో తెలుసా? పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే కౌంటు ధరలు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 100 కౌంటుకి ఇంత, 50 కౌంటుకి ఇంత, 30 కౌంటుకి ఇంత. నాలుగు వరసల మెసేజీ. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, జనరేటర్ వేయమని ఒక ఫోను చేయాలి. ఈ రెండింటికీ కావాల్సింది జీబీలూ కాదు, ఎంబీపీఎస్‌లూ కాదు. కావాల్సిన నిమిషంలో రవ్వంత సిగ్నల్. ఆ రవ్వంతకి ప్యాకు లేదు.

ఇలా రెండు వర్గాలూ కొట్టుకుంటుంటే కంపెనీలు చూస్తూ ఊరుకోలేదు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. 5జీ మీద డేటాకి లెక్కే లేదన్నారు. స్పీడూ మీదే, జీబీలూ మీవే, ఇక పోట్లాడుకోకండన్నారు. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు దానికో షరతు చేరింది: పెద్ద కంపెనీల్లో ఆ లెక్కలేని 5జీ రోజుకి 2 జీబీ, ఆపై ప్యాకులు వేసుకున్నవాళ్ళకే. అంటే కోటాతో పనిలేని సదుపాయం కావాలంటే ముందు పెద్ద కోటా కొనాలి. దీన్ని కమిషన్ మూడుసార్లు చదివి, చదివిన ప్రతిసారీ నమస్కారం పెట్టింది.

ఆ తర్వాత జరిగేదింకా బాగుంటుంది. 5జీకి ఎక్కువగా వాడే తరంగాలు 3,300 మెగాహెర్ట్జ్ పైన ఉంటాయి. స్పీడు ఎక్కువ, గోడ అడ్డమొస్తే నీరసం. కాబట్టి ఇంట్లోకి రాగానే ఫోను చప్పుడు చేయకుండా 4జీకి దిగుతుంది, కోటా కరగడం మొదలవుతుంది. మిద్దె మీద అన్‌లిమిటెడ్, మిద్దె కింద రోజుకి 2 జీబీ. మే నెల రోహిణి ఎండల్లో మధ్యాహ్నం పూట మిద్దెక్కి అన్‌లిమిటెడ్ అనుభవించేవాళ్ళకి ప్రభుత్వం మజ్జిగ పంపిణీ చేయాలని కమిషన్ మధ్యంతర సిఫారసు.

28 రోజుల సంగతి కూడా ఇక్కడే. ఏడాదికి పన్నెండు నెలలని బళ్ళో చెప్పారు, రీచార్జి కొట్టువాడు పదమూడని నిరూపించాడు. పదమూడు 28లు 364. మీద మిగిలే ఆ ఒక్క రోజు ఎవరి ఖాతాలోదో చరిత్ర చెప్పదు. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని 30 రోజుల ప్యాకు ఒకటైనా పెట్టాల్సిందేనని చెబితే, పెట్టారు. అది కావాలని కొట్టులో అడిగి చూడండి, కుర్రాడు మిమ్మల్ని కిందా మీదా చూస్తాడు.

చేపల మార్కెట్లో ఒక సాక్ష్యం దొరికింది. ఒకాయన బొచ్చె ముక్కలు కొట్టించి, ఖరీదైన ఫోను తీసి స్కానర్ ముందు పెట్టాడు. కోటా పొద్దున్నే అయిపోయినట్టుంది, చక్రం తిరుగుతోంది. వెనక లైను పెరుగుతోంది. చేతి గడియారం చూసుకున్నాడు, ఫోను పైకెత్తాడు, ఎడమ పక్కకి తిప్పాడు. చేపలామె కత్తి పక్కన పెట్టి అంది: "రేపియ్యిలే నా. ఆ తిరిగేది చూడలేకుండా ఉండా, కళ్ళు తిరుగుతుండాయి." పాయింటు నోట్ చేసుకున్నాం.

మార్కాపురం వైపు దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కినవాళ్ళు మాత్రం ఈ వివాదంలో వాది కాదు, ప్రతివాది కాదు. నల్లమలలో సిగ్నల్ పోయాక స్పీడు పార్టీ, జీబీ పార్టీ ఒకే సీట్లో కూర్చుని కిటికీలోంచి కోతుల్ని చూస్తారు. కమిషన్‌కి అక్కడ మంచి నిద్ర పట్టింది.

తుది సిఫారసుల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాం. ఇక భక్తి మార్గమే మిగిలింది. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో, రొట్టెల పండగ జరుగుతుంది కదా. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె ఉండనే ఉన్నాయి. వీటి సరసన నెట్టు రొట్టె కూడా చేర్చాలని కమిషన్ సంకల్పించింది. అందుకుంటామని చేతులు చాచినవాళ్ళు చెరువు గట్టు పొడుగునా ఉన్నారు. చిక్కల్లా ఇచ్చేవాళ్ళతోనే. స్పీడూ జీబీలూ రెండూ చాలినంత దొరికి, కోరిక తీరిందని రొట్టె తెచ్చే మనిషి ఒక్కడైనా కావాలి కదా. జిల్లా అంతా గాలిస్తే చివరికి ఒక పెద్దాయన దొరికాడు. బఫరింగ్ ఎరగడు, 90 శాతం మెసేజీ ఎరగడు, రెండేళ్ళుగా ఏ లోటూ లేదట. ఏ ప్యాకు వేయించుకుంటారని అడిగాం.

"ప్యాకేంది నాయనా," అన్నాడు, "పక్కింటోళ్ళ వైఫై."