కళ్లు ఎండవు, పొడిబారతాయి

మొన్న అమ్మకి కంటి డాక్టర్ చుక్కల మందు రాశారు. ఇంటికొచ్చాక అమ్మ డబ్బాలోని కాగితం తీసి, తెలుగులో ఉంది కదా అని కళ్లజోడు పెట్టుకుని చదివింది. "మీ కళ్లు ఎండిపోయినప్పుడు" అని ఉంది. అంతే, ఆవిడకి టెన్షన్ మొదలైంది. "ఏమ్మా, నా కళ్లు ఎండిపోయాయా? చూపు పోతుందా?" అని అడిగింది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ మాట పెన్నుతో కొట్టేసి "పొడిబారినప్పుడు" అని రాసిచ్చాను, అప్పుడు గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

అమ్మ భయపడటంలో తప్పేం లేదు. చెట్టు ఎండితే మోడవుతుంది, చెరువు ఎండితే నెర్రెలిస్తుంది, డొక్కలు ఎండుతున్నాయంటే తిండి లేక అని అర్థం. లోపలున్న సారమంతా పోవడమే ఎండిపోవడం.

ఆరడం అలా కాదు. పైనున్న తడి పోతుంది, వస్తువు వస్తువులాగే ఉంటుంది. కల్లం దగ్గర చూడండి. వడ్లు ఆరబోస్తారు, తేమ 17 శాతానికి దిగితేనే కొనుగోలు కేంద్రంలో తీసుకుంటారు కాబట్టి పొద్దున్నుంచీ కాళ్లతో తిరగేస్తూనే ఉంటారు, అయినా ఆరాక కూడా అవి వడ్లే. అదే కల్లంలో పండు మిరపకాయలు ఎండబెడితే ముడతలు పడి, గలగలమంటూ, పేరు కూడా మారి ఎండుమిర్చి అవుతాయి. బట్టలు ఎండాయనీ అంటాం కదా అంటారేమో, అంటాం, ఎండలో వేశాం కాబట్టి. వానాకాలం ఇంట్లో తాడు మీద వేసినవి మాత్రం ఆరాయనే అంటాం.

అసలు ఈ "ఆరు" అనే మాటంటే నాకు ప్రాణం. దీపం ఆరుతుంది, పుండు ఆరుతుంది, పాలు చల్లారతాయి, కోపమూ చల్లారుతుంది. భయమేస్తే గొంతు తడారిపోతుంది. పెళ్లైన వారానికే ఏదైనా జరిగితే కాళ్ల పారాణి ఆరకముందే అంటాం, అక్కడ ఎండకముందే అని పెట్టి చూడండి, ఆ ఏడుపంతా పోతుంది. పక్కవాళ్లకీ ఉంది ఈ మాట: తమిళంలో పుండు ఆరుతుంది, కన్నడంలో దీపం ఆరుతుంది.

ఇంకా నీళ్లు నేలలో ఇంకుతాయి, పొయ్యి మీద ఇగురుతాయి, పాలివ్వని ఆవు వట్టిపోతుంది. ఇన్ని మాటలు పెట్టుకుని అన్నిటికీ "డ్రై అయిపోయింది" అనేస్తున్నాం. మాట్లాడేటప్పుడు అంటే అన్నాం, మందుల కాగితం మీద కూడానా? ఒక దగ్గుమందు సీసా మీద "ఎండిన దగ్గు" అని చూశాను. అది రాసినవాళ్లు ఇంట్లో పిల్లాడు రాత్రంతా దగ్గితే పొడిదగ్గు అనే అని ఉంటారు కదా, పని మీద కూర్చోగానే ఆ మాట ఎలా మర్చిపోతారు?