హైకూ కొత్తవారికి దగ్గర కావాలంటే

బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసిన బీ కంపెనీ ఆస్తులు 2001లో పామ్ చేతికి వెళ్లాయి. ఆ సిస్టమ్‌ను వదులుకోలేని కొందరు అప్పుడే దాన్ని ఓపెన్ సోర్స్‌గా మొదటినుంచీ రాయడానికి పూనుకున్నారు. అదే నేటి హైకూ. తొలి ఆల్ఫా 2009లో, తొలి బీటా 2018లో, ఐదో బీటా 2024 సెప్టెంబరులో వచ్చాయి. విండోస్‌ను పోలిన రూపం ఇస్తే జనం వస్తారనే సలహా తరచూ వినిపిస్తుంది. అది దారి కాదు. కొత్తవారు ఆగిపోయే చోట్లలో చాలావాటికి పరిష్కారం హైకూలోనే ఉంది, కాకపోతే వెతికితే తప్ప కనపడదు.

ఇన్‌స్టలేషన్‌నే తీసుకోండి. డిస్కును భాగాలుగా (పార్టిషన్లుగా) విడదీసే డ్రైవ్‌సెటప్‌లో హైకూ వాడే బీ ఫైల్ సిస్టమ్ రకం పార్టిషన్ సృష్టించగానే పని అయిపోయిందనుకుంటారు. దాన్ని ఇనీషియలైజ్ (ఫార్మాట్) కూడా చేయాలి, లేకపోతే ఇన్‌స్టాలర్‌కు ఆ పార్టిషన్ పనికిరాదు. ఫైళ్లన్నీ కాపీ అయ్యాక యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చిన, మెషీన్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న మెషీన్లలో ఇంకో మెట్టు ఉంటుంది. హైకూను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్, అంటే లోడర్, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌లో ఉండాలి, గుర్తింపు సంతకం లేని లోడర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపి ఉండాలి. చేత్తో కాపీ చేసేవారు ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 అనే ఫైలు అప్పటికే ఉందేమో చూసుకోవాలి. అది పక్కనున్న లినక్స్‌ది అయితే, దానిమీద రాసేస్తే లినక్స్ లేవకపోవచ్చు. హైకూ పేరుతో వేరే ఫోల్డర్ చేసి లోడర్‌ను అందులో పెట్టడం మేలు. ఈ జాగ్రత్తలన్నీ వాడేవారి నెత్తిన పెట్టే బదులు ఫార్మాటింగ్, కాపీ, లోడర్ మూడింటినీ ఇన్‌స్టాలర్ ఒకే వరసలో నడిపించాలి.

బూట్ అయ్యాక తొలి నిమిషంలోనే మరో చిక్కు. కంట్రోల్-సి నొక్కితే కాపీ కాదు, ఇక్కడ ఆల్ట్-సి నొక్కాలి. కీబోర్డు అమరికను మార్చే కీమ్యాప్ సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్లను విండోస్, లినక్స్ పద్ధతికి మార్చే బటన్ ఉంది. ఒక్క క్లిక్కు పని. కానీ కాపీయే ఎందుకు కావడం లేదో తెలియని మనిషి కీమ్యాప్ తెరిచి ఎందుకు చూస్తాడు? మొదటిసారి తెరిచినప్పుడు భాష, కీబోర్డు అడిగే తెర ఎలాగూ ఉంది. ఈ ప్రశ్న కూడా అక్కడే అడగాలి.

అన్నింటికన్నా విలువైనది, అన్నింటికన్నా దాగి ఉన్నది పాత స్థితికి వెనక్కి వెళ్లే సౌకర్యం. హైకూలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు డిస్కు మీద విప్పి పరుచుకోవు, ఫైలుగా ఉన్నచోటే మౌంట్ అవుతాయి, అంటే విప్పకుండానే సిస్టమ్‌లో భాగంగా కనపడతాయి. అప్‌డేట్ చేసినప్పుడు పాత ప్యాకేజీలు తేదీ వేసిన ఫోల్డర్‌లోకి వెళ్తాయి. అప్‌డేట్ తర్వాత తెర నల్లబడితే మెషీన్ ఆన్ చేసి, పాత బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకుని, యూఈఎఫ్ఐ అయితే స్పేస్ బార్ నొక్కుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది. అందులో పాత తేదీ స్థితిని ఎంచుకోవచ్చు, మీ సొంత ఫైళ్లు చెక్కుచెదరవు. తెర సమస్యే అయితే అదే మెనూలో ఫెయిల్-సేఫ్ వీడియో ఎంపిక ఉంది. ఇంత మంచి రక్షణ ఉందని అప్‌డేట్ ముగిశాక ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. రెండుసార్లు బూట్ విఫలమైతే మెనూ దానంతటదే రావాలి కూడా.

ఫైలుకు అంటిపెట్టుకునే అదనపు సమాచారం, అంటే యాట్రిబ్యూట్లు, హైకూ ప్రాణం. పీపుల్ అప్లికేషన్‌లో దాచిన కాంటాక్ట్ ఫైలు పరిమాణం సున్నా బైట్లు. పేరు, ఫోన్ నంబరు అన్నీ యాట్రిబ్యూట్లలోనే ఉంటాయి. దాన్ని యాట్రిబ్యూట్లను దాచలేని ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి లాగి పడేస్తే మిగిలేది ఖాళీ ఫైలే. ముందు జిప్-ఓ-మ్యాటిక్‌తో జిప్ చేసి కాపీ చేస్తే సమాచారం నిలుస్తుంది. ఇలాంటి డ్రైవ్‌లోకి లాగుతున్నప్పుడు ఆ జిప్ మార్గాన్ని హైకూ ఫైల్ మేనేజర్ అయిన ట్రాకర్ తానే ముందుంచాలి.

స్లీప్ లేకపోవడం, త్రీడీ గ్రాఫిక్స్ వేగం లేకపోవడం వేరే తరహా లోట్లు. వాటికి డ్రైవర్లు రాయాల్సిందే. అప్పటిదాకా డౌన్‌లోడ్ పేజీలోనే వాటిని సూటిగా చెప్పేయాలి.

తెలుగువారికి మాత్రం అసలు అడ్డంకి అక్షరాల దగ్గరే ఉంది. తెర మీద రాత గీసే యాప్ సర్వర్ ఒక్కో కోడ్‌కు ఒక్కో ఆకారం వేసుకుంటూ పోతుంది, అక్షరాలను కలిపి మలచదు. ‘స్త్రీ’ అనే పేరుతో ఫైలు ఉంటే తావత్తు, రావత్తు కింద చేరవు. పొల్లులతో విడివిడిగా పడతాయి. మంచి తెలుగు ఫాంట్ వేసినా మార్పు ఉండదు, ఎందుకంటే వత్తులు ఎక్కడ చేరాలో ఫాంట్‌లో రాసి ఉన్నా ఆ నియమాలను చదివేవారు లేరు. అక్షరాలను కలిపి మలిచే హార్ఫ్‌బజ్ లైబ్రరీని తమతో తెచ్చుకునే క్యూటీ (టూల్‌కిట్) అప్లికేషన్లలో తెలుగు సరిగానే కనపడటం ఇందుకు రుజువు. మెనూలన్నీ తెలుగులోకి అనువదించినా ఇది తేలనిదే చదవలేం.

పరిష్కారం హార్ఫ్‌బజ్‌ను యాప్ సర్వర్‌లో కలపడంతో ఆగదు. పదం వెడల్పును లెక్కగట్టే కోడ్, కర్సర్‌ను అక్షరాల మధ్య నడిపే కోడ్ కూడా మారాలి. లేకపోతే కర్సర్ వత్తు మధ్యలో నిలబడుతుంది, బ్యాక్‌స్పేస్ ఏది తుడుస్తుందో తెలియదు. టైపింగ్ సంగతికొస్తే, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌ను మామూలు కీమ్యాప్‌గా చేసుకోవచ్చు. ‘అమ్మ’ అని ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతికి మాత్రం కీబోర్డు నుంచి వచ్చేదాన్ని చూసుకునే ఇన్‌పుట్ సర్వర్‌కు యాడ్-ఆన్ రాయాలి. తెలుగు ప్రోగ్రామర్లు చేయి వేయదలిస్తే ముందుగా వెడల్పు లెక్క దగ్గర మొదలుపెట్టాలి. బటన్లు, మెనూలు, ఫైలు పేర్లు అన్నీ తమ చోటును ఆ లెక్కతోనే తీసుకుంటాయి.