అమెరికా ఫోనుకు తాళమే అందం

అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన నల్గొండ బిడ్డలు, అక్కడ వాయిదాల మీద కొన్న ఫోనుకు, వేరే సిమ్ము పనిచేయకుండా సర్వీసు కంపెనీ వేసిన తాళం తీయించుకోవాలని ఈ మధ్య తెగ ఆరాటపడుతున్నారు. పెద్దలు కల్పించుకొని ఈ ధోరణిని మొదట్లోనే ఆపాలని నా మనవి. తాళం ఉన్న ఫోనులో ఇక్కడి సిమ్ము వేస్తే, అది సిమ్ములో దాగి ఉన్న గుర్తింపు సంఖ్య మొదటి ఐదారంకెలు చూసి, తనకు అలవాటైన కంపెనీ సంఖ్యకు బదులు మన దేశానికిచ్చిన 404తో గానీ 405తో గానీ మొదలయ్యేది కనిపించగానే, ఈ సిమ్ము చెల్లదని ముఖం మీదే చెప్పేస్తుంది. కొన్నవాడి మాట కన్నా అమ్మినవాడి మాటకే కట్టుబడే ఇంతటి విశ్వాసం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?

ఇక మిగిలేది రోమింగ్, అంటే అమెరికా సిమ్ముతోనే ఇక్కడా నెట్టుకురావడం. విదేశంలో ఫోను వాడిన రోజుకు 12 డాలర్ల దాకా తీసుకునే పెద్ద కంపెనీలు అక్కడున్నాయి. అంటే పది రోజులకు మన లెక్కలో పదివేల రూపాయలు. ఇక్కడి సిమ్ముకైతే మూడు నాలుగు వందలతో 28 రోజులు గడిచిపోతాయి. కానీ ఇంత చౌకగా బతికే మనిషిని అమెరికా నుంచి వచ్చాడంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

తాళం వల్ల బంధుత్వాలు గట్టిపడతాయన్న సంగతిని మాత్రం ఎవరూ గుర్తించడం లేదు. మిర్యాలగూడలో జరిగిన ఒక పెండ్లిలో, డల్లాస్ నుంచి వచ్చిన మేనమామ ఇంటర్ చదివే మేనల్లుడిని అడుగు దూరం కూడా విడిచిపెట్టకుండా, మండపం నుంచి బఫే దాకా, బఫే నుంచి చేతులు కడుక్కునే కాడి దాకా వెంబడించడం నేను కండ్లారా చూశాను. పిల్లవాడు గోడ చాటుకు పోతే మామ వాట్సాప్ ఆగిపోతుంది. "అల్లుడూ, జర హాట్‌స్పాట్ బంద్ చెయ్యకురా" అని మామ బతిమాలుతుంటే, "రీల్స్ మాత్రం చూడకు మామా, డేటా అయిపోతది" అని మేనల్లుడు షరతు పెట్టాడు. డాలర్లలో జీతం తీసుకునే మనిషి చేత ఇంత వినయం పలికించడం ఏ పెద్దమనిషికి సాధ్యమైంది?

ఈ తాళానికి చట్టం కూడా చాలాకాలం కాపలా కాసింది. సినిమాలకు, పాటలకు, సాఫ్ట్‌వేర్‌కు ఉన్న డిజిటల్ తాళాలను పగలగొట్టవద్దని అమెరికా 1998లో ఒక చట్టం చేసింది. ఫోనులోనూ సాఫ్ట్‌వేర్ ఉంటుంది గనుక ఫోను తాళం కూడా దాని కిందికే వచ్చింది. మూడేళ్లకోసారి ఇందులో మినహాయింపులు ఇచ్చే అధికారం ఎవరిదనుకున్నారు? అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కు ఉన్న గ్రంథాలయపు అధికారిది. మన జిల్లా గ్రంథాలయంలో పేపరు చదువుకోవడానికి వచ్చిన రిటైర్డు మాస్టారు, పనిలో పనిగా తన ఫోనులో వేరే సిమ్ము వేసుకోవచ్చునా అని లైబ్రేరియన్‌కు దరఖాస్తు పెట్టుకోవడం వంటి ఉదాత్తమైన దృశ్యం మనకు ఊహకైనా అందదు. ఫోను తాళం తీసుకోవడానికి 2006లోనూ 2010లోనూ సరేనన్న ఆ గ్రంథాలయాధికారి కార్యాలయం 2012లో మనసు మార్చుకుంది. ఫలితంగా 2013 జనవరి 26న, మనం ఇక్కడ జెండా ఎగరేసి బూందీ పంచుకుంటున్న రోజునే, కంపెనీ అనుమతి లేకుండా కొత్త ఫోను తాళం తీయడం అక్కడ చట్టవిరుద్ధమైంది. లక్ష మందికి పైగా సంతకాలు పెట్టి గోల చేయడంతో, తెలంగాణ ఏర్పడిన సరిగ్గా 60 రోజులకు, 2014 ఆగస్టు 1న ఒబామా మరో చట్టం మీద సంతకం చేసి ఆ హక్కును తిరిగి ఇచ్చేశారు. ఇంకో రాష్ట్రం వచ్చినంత సంబరం అక్కడ జరిగిందో లేదో గానీ, క్రమశిక్షణకు మాత్రం ఆనాడే గండి పడింది.

కెనడా 2017 డిసెంబర్ నుంచి, బ్రిటన్ 2021 డిసెంబర్ నుంచి తాళం వేసిన ఫోన్లు అమ్మనివ్వడం లేదు. మన దేశంలో ఫోన్లకు ఈ తాళం పెద్దగా అలవాటే కాలేదు. నల్గొండలో కొన్న సైకిలు నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దాటగానే చక్రాలు బిగుసుకుపోయి, రోజుకు వెయ్యి కడితేనే కదిలే ఏర్పాటు ఉంటే, మనకూ వస్తువు మీద భయభక్తులు ఏర్పడేవి.

పెండ్లి మరునాడు మేనమామ ఆ ఫోను పట్టుకొని క్లాక్ టవర్ సెంటర్‌లోని రిపేరు దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు ముందుగా సిమ్ము పెట్టే సందు కోసం ఫోనును నాలుగు వైపులా తిప్పి చూశాడు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లకు ఆ సందే లేదు, ఫోనులోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ ఒక్కటే గతి అని తెలుసుకున్నాక, సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి తాళం లేదని చెప్పే 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అన్న మాట కోసం వెతికాడు. అది లేదు.

"కిస్తీలన్నీ కట్టినవా అన్నా?"

"ఇంకా ఏడాదిన్నర ఉన్నయి."

"గట్లయితే మా చేతుల లేదే. కిస్తీలు కట్టినంక అక్కడి కంపెనీనే తియ్యాలె. బయలుదేరకముందే అడగాల్సింది."

మామ కంపెనీ నిబంధనలను మనసులోనే గౌరవించి, దుకాణం వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకొని, మేనల్లుడు కాలేజీ నుంచి ఎన్ని గంటలకు వస్తాడో కనుక్కున్నాడు.